బీటీ పత్తిని గులాబీ పురుగు ఎలా గెలిచింది? దక్షిణ తెలంగాణ చేలల్లో ప్రకృతి వరణం

జీవపరిణామం మీద చర్చ లేచినప్పుడల్లా మన దగ్గర ముందుకొచ్చే ప్రశ్న ఒక్కటే: "అది జరుగుతుండగా ఎవరు చూశారు?" 2018 జనవరిలో అప్పటి కేంద్ర సహాయ మంత్రి ఒకరు, కోతి మనిషిగా మారడం చూశామని మన పూర్వీకులెవరూ చెప్పలేదని, కాబట్టి ఆ సిద్ధాంతాన్ని బడుల్లో బోధించకూడదని అన్నప్పుడు ఈ ప్రశ్నే దేశమంతా వినిపించింది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోని 'అనువంశికత, పరిణామం' పాఠం నుంచి పరిణామాన్ని తొలగించి అనువంశికతను మాత్రమే మిగిల్చినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెబుతూ బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. విద్యార్థుల మీద భారం తగ్గించడానికే ఆ పని చేశామని, పన్నెండో తరగతిలో ఆ పాఠం ఎప్పటిలాగే ఉందని ఎన్‌సీఈఆర్‌టీ వైపు నుంచి సమాధానం వచ్చింది.

ఆ వాదన ఎటు తేలినా, ఎవరు చూశారన్న ప్రశ్నకు మాత్రం నల్లగొండ, మహబూబ్‌నగర్ పత్తి రైతుల దగ్గర జవాబు ఉంది. గత ఇరవై ఏళ్లలో వాళ్ల చేలల్లో ఒక కీటకం మారిపోయింది. ఆ మార్పు ఎలా వచ్చిందో విడమర్చి చూస్తే ప్రకృతి వరణం అనే ప్రక్రియలోని ప్రతి అంశమూ అందులో దొరుకుతుంది. అందులో దొరకనివీ కొన్ని ఉన్నాయి. వాటి సంగతి చివర్లో.

పత్తి చేలో జరిగినదేమిటి

బీటీ పత్తి సాగుకు మన దేశంలో 2002 మార్చిలో అనుమతి లభించింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా (బాసిల్లస్ థురింజియెన్సిస్, క్లుప్తంగా బీటీ) తయారుచేసే విషప్రోటీను తాలూకు జన్యువును పత్తిలో చేర్చడంతో, మొక్క ఆ ప్రోటీనును తన ఆకుల్లో, పూలల్లో, కాయల్లో తానే తయారుచేసుకుంటుంది. కాయతొలుచు పురుగు ఆ భాగాలను తిన్నప్పుడు, దాని పేగు లోపలి పొర మీద ఉండే ఒక గ్రాహకానికి ఈ ప్రోటీను అతుక్కొని, పొరకు చిల్లులు పెడుతుంది. పురుగు తిండి మానేసి చచ్చిపోతుంది. మొదట వచ్చిన విత్తనాల్లో క్రై1ఏసీ అనే ఒక్క ప్రోటీనే ఉండేది. 2006లో క్రై2ఏబీ అనే రెండో ప్రోటీను కూడా కలిపిన బోల్‌గార్డ్-2 విత్తనాలకు అనుమతి వచ్చింది.

తొలి ఏళ్లలో పురుగు మందుల ఖర్చు బాగా తగ్గింది. అయితే 2009 పంటకాలంలోనే గుజరాత్‌లోని అమ్రేలీ, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో, కాయతొలుచు పురుగుల్లో ఒకటైన గులాబీ రంగు పురుగు మొదటి ప్రోటీనును తట్టుకుంటున్నట్టు ఆ సాంకేతికతను తెచ్చిన కంపెనీయే 2010లో ప్రకటించింది. మరో ఐదారేళ్లకు రెండు ప్రోటీన్లనూ తట్టుకునే పురుగులు అక్కడ బయటపడ్డాయి. ఆ వెంటనే మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలల్లోనూ కనిపించాయి.

ఈ పురుగు పని బయటికి తెలియదు. పూత దశలో రేకులు విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకుపోయిన పువ్వును రైతులు గుడ్డి పువ్వు అంటారు. దాన్ని విప్పితే లోపల సన్నని పురుగు కనిపిస్తుంది. కాయ దశలో ఇంకా కష్టం. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు లేతకాయలోకి దూరిన రంధ్రం కాయ పెరిగే కొద్దీ పూడుకుపోతుంది కాబట్టి, పైకి కాయ నిక్షేపంగా ఉంటుంది. పగలగొడితే దూది పసుపు గారకట్టి, గింజలు లోపల గుల్లై ఉంటాయి. పురుగు కాయలో ఉన్నంతకాలం పైన కొట్టిన మందు దాన్ని తాకదు. పత్తి ఏరే మహిళలకు కాయ సరిగ్గా పగలకపోవడాన్ని బట్టి తెలిసేదాకా ఆ నష్టం లెక్కలోకే రాదు.

ప్రకృతి వరణానికి కావలసిన మూడు షరతులు

1858లో లండన్‌లోని లిన్నియన్ సొసైటీ సమావేశంలో చార్లెస్ డార్విన్, ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్‌ల పత్రాలను కలిపి చదివారు. ఇద్దరూ విడివిడిగా చేరుకున్న ఆలోచనను నేటి మాటల్లో ఇలా చెప్పవచ్చు. ఒక జాతి సమూహంలోని జీవుల మధ్య తేడాలు ఉండాలి. ఆ తేడాల్లో కొన్నయినా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించాలి. ఆ తేడాల వల్ల కొన్ని జీవులు మిగిలినవాటి కంటే ఎక్కువ సంతానాన్ని మిగల్చాలి. ఈ మూడూ కలిస్తే, తరతరానికీ ఆ సమూహం కూర్పు మారక తప్పదు. ఆ మార్పే ప్రకృతి వరణం. దీనికి ఎవరి ఉద్దేశమూ అవసరం లేదు. జల్లెడకు గింజ మీద ప్రేమ, మట్టి మీద కోపం ఉండవు.

గులాబీ పురుగు విషయంలో మూడు షరతులూ నెరవేరాయి. మొదటిది: బీటీ పత్తి రాకముందే, లక్షల పురుగుల్లో అరుదుగా కొన్నింటిలో ఆ పేగు గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు చెడిపోయి ఉండేది. గ్రాహకం ఆకారం మారితే విషప్రోటీను దానికి అతుక్కోదు. భారతదేశపు నిరోధక పురుగులను పరీక్షించిన శాస్త్రవేత్తలకు ఈ జన్యువు ఒకే తీరుగా కాకుండా రకరకాలుగా చెడి ఉన్నట్టు కనిపించింది. ఉత్పరివర్తనాలు, అంటే జన్యువుల్లో వచ్చే మార్పులు, ఒక అవసరాన్ని చూసి రావు, ఎలా పడితే అలా వస్తాయి అనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం చూపడం కష్టం. రెండోది: ఆ లోపం జన్యువులో ఉంది కాబట్టి పిల్లలకు వెళుతుంది. మూడోది: బీటీ లేని చేలో ఏ ప్రయోజనమూ ఇవ్వని ఆ లోపం, ఊరంతా బీటీ పత్తి అయినప్పుడు బతుక్కీ చావుకీ మధ్య తేడా అయింది.

ఒక ఊహాజనిత లెక్క

ఇటువంటి మార్పు ఎంత వేగంగా జరగగలదో లెక్క కట్టిన తొలితరం శాస్త్రవేత్తల్లో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకొని, 1964లో భువనేశ్వర్‌లో మరణించిన మనిషి కాబట్టి ఆయన్ను మనవాడిగానే చెప్పుకోవచ్చు. ఆయన సమీకరణాల జోలికి వెళ్లకుండా చిన్న లెక్క వేసుకుందాం. అంకెలు ఊహించుకున్నవే, తర్కం మాత్రం అసలైనది.

ప్రతి పురుగుకీ ప్రతి జన్యువూ రెండు ప్రతులుగా ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. గులాబీ పురుగులో ఈ నిరోధకత అంతర్గతమైనది, అంటే రెండు ప్రతులూ చెడితేనే పురుగు బీటీ పత్తి తిని బతుకుతుంది. ఒక్కటి బాగున్నా చస్తుంది. ఒక ప్రాంతంలో కోటి పురుగులున్నాయని, చెడిన ప్రతులు వెయ్యింటికి ఒకటి చొప్పున ఉన్నాయని అనుకుందాం. రెండు చెడిన ప్రతులు ఒకే పురుగులో కలిసే అవకాశం పది లక్షల్లో ఒకటి. అంటే కోటిలో పది పురుగులు మాత్రమే నిరోధకమైనవి. ఒక చెడిన ప్రతిని మోస్తూ తిరిగేవి సుమారు ఇరవై వేలు.

ఇప్పుడు చేలన్నీ బీటీ పత్తే అయితే ఆ పదీ తప్ప అన్నీ చస్తాయి. ఆ పదీ తమలో తాము జతకడతాయి కాబట్టి పుట్టేవన్నీ నిరోధకమైనవే. ప్రతి తరానికీ సంఖ్య పదింతలు అవుతుందనుకుంటే, ఆరో తరానికి మళ్లీ కోటి పురుగులుంటాయి, ఈసారి ఒక్కటి కూడా చావదు. గులాబీ పురుగు జీవితచక్రం నెల, నెలన్నరలో ముగుస్తుంది. ఒక పంటకాలంలోనే నాలుగైదు తరాలు గడుస్తాయి. నిజమైన చేలల్లో ఇంత తొందరగా జరగదు, ఎందుకంటే చుట్టుపక్కల నుంచి మామూలు పురుగులు వచ్చి కలుస్తుంటాయి, నిరోధక పురుగులు కూడా వేరే కారణాలతో చస్తుంటాయి. అయినా పరిణామం అంటే లక్షల ఏళ్ల వ్యవహారమేనన్న నమ్మకం ఎందుకు పొరపాటో ఈ లెక్క చూపిస్తుంది. కాలాన్ని ఏళ్లలో కాదు, తరాల్లో కొలవాలి.

పురుగు మందుకు అలవాటు పడిందా?

"మందుకు పురుగు అలవాటు పడింది" అని ఎరువుల దుకాణం దగ్గరా, రచ్చబండ దగ్గరా వింటూ ఉంటాం. ఈ వివరణ ప్రకారం ఒక్కో పురుగూ కొంచెం కొంచెంగా విషం తింటూ గట్టిపడి, ఆ గట్టిదనాన్ని పిల్లలకు ఇచ్చింది. జరిగింది అది కాదు. మామూలు పురుగేదీ మారలేదు, అది చచ్చిపోయింది. మారింది సమూహం. ఈ తేడాను పట్టుకోకపోతే జీవపరిణామంలో ఇంకేదీ సరిగ్గా అర్థం కాదు.

జీవితకాలంలో శరీరానికి కలిగిన మార్పు సంతానానికి సంక్రమిస్తుందన్న ఆలోచన పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ పేరుతో ప్రసిద్ధమైంది. నల్లగొండ జిల్లా వాళ్లకు దీన్ని పరీక్షించడానికి పుస్తకం అక్కరలేదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో దశాబ్దాల తరబడి లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించిన ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి, నడుములు వంగి, కాళ్లు దొడ్డికాళ్లైన మనుషుల బాధ అందరికీ తెలుసు. ఆ వంకర వాళ్ల జన్యువుల్లోకి వెళ్లలేదు. వాళ్ల పిల్లలకు చిన్నప్పటి నుంచి మంచి నీళ్లు అందితే ఎముకలు చక్కగానే పెరుగుతాయి. అవే బోరు నీళ్లు తాగితే వాళ్లకూ అదే వ్యాధి వస్తుంది. తరాల తరబడి తాగినా ఆ నీళ్లకు మనిషి శరీరం "అలవాటు" పడనూ లేదు. మనిషికి తరం అంటే పాతికేళ్లు. పైగా ఫ్లోరోసిస్ మనిషిని వంచుతుంది తప్ప, పిల్లల్ని కనే వయసుకు ముందే లక్షల్లో ఒకరిని మాత్రం మిగిల్చి మిగతా అందరినీ తుడిచిపెట్టదు. వరణం పని చేయాలంటే ఉండవలసినంత కోత అక్కడ లేదు. ఉండకపోవడమే మన అదృష్టం.

శనగపచ్చ పురుగు ఎందుకు వెనకబడింది

అవే చేలల్లో, అదే విషం తిన్న శనగపచ్చ పురుగులో నిరోధకత ఇంత త్వరగా, ఇంత విస్తారంగా రాలేదు. ఇది విచిత్రంగా కనిపిస్తుంది, ఎందుకంటే 1980ల్లో, 90ల్లో పైరిత్రాయిడ్ మందులను తట్టుకొని పత్తి రైతును ముంచింది ఆ పురుగే. తేడా తిండిలో ఉంది. శనగపచ్చ పురుగు శనగ, కంది, టమాట, మిరప, ఇంకా ఎన్నో పంటల మీద బతుకుతుంది. పత్తి చేలో మిగిలిన అరుదైన నిరోధక పురుగుకు పక్కనున్న కంది చేలోంచి వచ్చిన మామూలు పురుగు జత దొరుకుతుంది. పుట్టిన పిల్లలకు చెడిన ప్రతి ఒక్కటే ఉంటుంది కాబట్టి బీటీ పత్తి మీద అవి చస్తాయి. గులాబీ పురుగుకు మాత్రం పత్తి తప్ప దాదాపు వేరే ఆధారం లేదు.

ఆశ్రయ పంట లేదా రెఫ్యూజ్ అన్న నియమం వెనుక ఉన్నది ఈ తర్కమే. బీటీ చేను చుట్టూ ఐదు సాళ్లు గానీ, మొత్తం విస్తీర్ణంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత, బీటీ లేని పత్తి వేయాలని నియమం పెట్టారు. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం విడిగా ఇచ్చేవారు. మన లెక్కలోకి వస్తే, ఐదో వంతు భూమిలో ఇరవై లక్షల మామూలు పురుగులు బతికితే, బీటీ వైపు నుంచి మిగిలే ఎనిమిది నిరోధక పురుగులు ఒకదాన్నొకటి కలిసే అవకాశం దాదాపు సున్నా.

ఈ నియమం కాగితాల మీదే మిగిలిపోయింది. ఎవరి తప్పు అన్న దగ్గర అభిప్రాయాలు విడిపోతాయి. రైతులు నాన్ బీటీ విత్తనాన్ని పారేశారని, నకిలీ బీటీ విత్తనాలు కూడా తోడయ్యాయని కంపెనీల వాదన. రెండు మూడెకరాల చెలక ఉన్న మనిషిని, ఐదో వంతు భూమిని పురుగుకు వదిలెయ్యమని అడగడం ఎంతవరకు న్యాయమన్నది రైతుల ప్రశ్న. లోపం విత్తనంలోనే ఉందన్నది పత్తి శాస్త్రవేత్తల్లో కొందరి మాట. ఇతర దేశాల్లో ఎక్కువగా హైబ్రిడ్ కాని సూటి రకాలు సాగవుతుంటే మన దగ్గర దాదాపు అంతా హైబ్రిడ్ పత్తే. బీటీ జన్యువు ఒక తల్లిదండ్రి వైపు నుంచే వచ్చిన హైబ్రిడ్ మొక్క కాయలో గింజలన్నీ ఒక తీరుగా ఉండవు: ఒక జన్యువు లెక్కన చూస్తే నాలుగింట ఒక గింజలో విషప్రోటీను ఉండదు. గింజలు తినే గులాబీ పురుగుకు ఒకే కాయలో విషమున్న గింజా, లేని గింజా దొరకడం నిరోధకతకు దోహదం చేస్తుందని వాళ్ల వాదన. దీనికి తోడు మన హైబ్రిడ్‌లు ఆరు నెలలు, అంతకు మించి చేలో ఉండి పురుగుకు అదనపు తరాలు ఇస్తాయి.

నాకు తోచినంతవరకు ఈ వాదనలు ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. ప్రతి ఒక్కటీ వరణం వేగాన్ని పెంచే ఒక కారణాన్ని చూపిస్తోంది. ఇతర దేశాల అనుభవమూ అదే చెబుతుంది. అమెరికాలోని అరిజోనాలో ఆశ్రయ పంట నియమాన్ని గట్టిగా అమలు చేసి, ఆపై సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను విడిచిపెట్టారు. 2018లో అమెరికా పత్తి పొలాల నుంచి గులాబీ పురుగును నిర్మూలించినట్టు ప్రకటించారు. చైనాలోని యాంగ్‌జీ లోయలో ఎవరూ నియమం పెట్టలేదు. ఖర్చు కలిసొస్తుందని హైబ్రిడ్‌ల రెండో తరం విత్తనం వేసుకోవడంతో, చేలో నాలుగింట ఒక మొక్క బీటీ లేనిదై, అనుకోకుండా ఆశ్రయ పంటగా పనిచేసింది. కొద్దిగా తలెత్తిన నిరోధకత అక్కడ మళ్లీ తగ్గిందని 2017లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. పరిణామం ఒకే దిక్కుకు పోయే బాట కాదనడానికి ఇదొక ఉదాహరణ.

మనిషి చేతిలో వరణం

ప్రకృతి చేసే పనిని మనిషి తెలిసి చేస్తే అది కృత్రిమ వరణం. మహబూబ్‌నగర్ కురుమలు గొంగడి నేయడానికి పనికొచ్చే నల్ల ఉన్ని ఉన్న దక్కనీ పొట్టేళ్లనే మందకు నిలుపుకుంటూ తరాల తరబడి ఆ జాతిని కాపాడారు. ఉన్నికి ధర పడిపోయి మాంసానికి పెరిగినప్పుడు, ఎత్తుగా పెరిగే, ఉన్ని లేని నెల్లూరు పొట్టేళ్లతో దాటించడం మొదలైంది. మందల్లో ఉన్ని తగ్గింది. ఇందులో కొత్త జన్యువులు బయటి నుంచి కలవడం కూడా ఉంది కాబట్టి ఇది స్వచ్ఛమైన వరణం కాదు, కానీ ఏ పొట్టేలు సంతానం మిగలాలో నిర్ణయించేది మారితే మంద మారుతుందన్న సూత్రం మాత్రం అదే.

కొత్త జాతి ఎప్పుడు పుడుతుంది

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. నిరోధకత వచ్చినా గులాబీ పురుగు గులాబీ పురుగే కదా? అవును. తమలో తాము జతకట్టి, సంతాన సామర్థ్యం ఉన్న పిల్లల్ని కనగలిగిన జీవుల సమూహాన్ని జాతి అని ఎక్కువమంది జీవశాస్త్రవేత్తలు నిర్వచిస్తారు. ఆ కొలత ప్రకారం నిరోధక పురుగు, మామూలు పురుగు ఒకే జాతి. కొత్త జాతి ఏర్పడాలంటే ఒక సమూహం రెండుగా విడిపోయి, కలయిక ఆగి, రెండువైపులా వేర్వేరు మార్పులు పోగుపడి, మళ్లీ ఎదురైనా జతకట్టలేనంత దూరం కావాలి.

ఆ దూరం మెట్టు మెట్టుగా పెరగడం ఒక పక్షిలో కనిపిస్తుంది. చలికాలంలో దక్షిణ భారతానికి వలస వచ్చి, చెట్ల ఆకుల మధ్య పురుగులు ఏరుకునే పిచ్చుకంత కూడా లేని ఆకుపచ్చ ఛాయ పిట్ట (గ్రీనిష్ వార్బ్లర్) అది. వేసవిలో దాని బంధుసమూహాలు హిమాలయాల్లో, టిబెట్ పీఠభూమికి పడమర పక్కా, తూర్పు పక్కా, ఇంకా ఉత్తరాన సైబీరియాలో గూళ్లు కడతాయి. హిమాలయాల నుంచి రెండు వైపులా ఉత్తరానికి వెళ్లే కొద్దీ పాట, రెక్క మీది చారలు కొద్దికొద్దిగా మారుతూ పోతాయి. సైబీరియాలో రెండు కొసలూ ఎదురైన చోట, ఒకదాని పాటను రెండోది తనదిగా గుర్తించదు, జతకట్టడం దాదాపు లేదు. ఎక్కడ ఒక జాతి ముగిసి రెండోది మొదలైందో గీత గీయమంటే కష్టం. డీఎన్‌ఏను లోతుగా చదివాక ఈ వలయంలో గతంలో కొన్ని తెంపులు కూడా ఉన్నాయని, చిత్రం ముందు అనుకున్నంత నున్నగా లేదని తేలింది. ఇలా సవరణలు రావడం సిద్ధాంతం కూలిపోవడం కాదు, వివరం పెరగడం.

నెమ్మదిగానా, కుదుపులతోనా

పరిణామం జరిగిందా అన్నది నేటి జీవశాస్త్రవేత్తల మధ్య వివాదం కాదు. వివాదమంతా ఎలా, ఏ వేగంతో అన్నదాని మీదే. మార్పు నిదానంగా నిరంతరం సాగుతుందని డార్విన్ భావించాడు. 1972లో నైల్స్ ఎల్డ్రెడ్జ్, స్టీఫెన్ జే గౌల్డ్ శిలాజాలను చూపుతూ, చాలా జాతులు లక్షల ఏళ్లు పెద్దగా మారకుండా ఉండి, జాతి చీలే కొద్ది కాలంలోనే త్వరగా మారతాయని వాదించారు. అయితే భూగర్భ కాలమానంలో "కొద్ది కాలం" అంటే వేల ఏళ్లు. గులాబీ పురుగు లెక్కలో అది పదివేల తరాలకు పైమాటే. మరోవైపు జపాన్ శాస్త్రవేత్త మోటూ కిమురా 1968లో, అణుస్థాయిలో జరిగే మార్పుల్లో ఎక్కువ భాగం మేలూ కీడూ చేయనివని, అవి వరణం వల్ల కాక కేవలం యాదృచ్ఛికంగా వ్యాపిస్తాయని ప్రతిపాదించాడు. అది నేడు విస్తృతంగా ఆమోదం పొందింది. జీవి అవసరాలకు తగిన నిర్మాణాలు రావడానికి మాత్రం వరణం తప్ప వేరే వివరణ లేదన్న దగ్గర రెండు పక్షాలూ కలుస్తాయి.

చిన్న మార్పులు పోగుపడి పెద్ద మార్పు కాగలవా

చేలో చూసిన చిన్న మార్పు నుంచి, నేల మీది జంతువు తిమింగలం కావడం దాకా ఎలా దూకుతారని అడిగేవారు ఉన్నారు. ఈ ప్రశ్నకు చేలో జవాబు లేదు, శిలాజాల్లో వెతకాలి. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూకశ్మీర్‌లోని కాలాకోట్ ప్రాంతంలో సేకరించిన రాళ్లలో, సుమారు నాలుగు కోట్ల ఎనభై లక్షల ఏళ్ల కిందటి, పిల్లి అంత పరిమాణం గల, డెక్కలున్న జంతువు ఎముకలు ఉన్నాయి. 1971లో ఆయన దానికి ఇండోహ్యూస్ అని పేరు పెట్టాడు. ఆయన మరణం తర్వాత ఆ రాళ్లు అమెరికా శాస్త్రవేత్త హాన్స్ థీవిసెన్‌కు చేరాయి. ఒక పుర్రెను శుభ్రం చేస్తుండగా పొరపాటున చెవి ఎముక విరిగింది. విరిగిన చోట ఒక వైపు గోడ మందంగా, తిమింగలాల చెవిలో తప్ప కనిపించని తీరులో ఉంది. కాళ్ల ఎముకలు కూడా, నీటిలో తేలిపోకుండా నడిచే నీటిగుర్రం ఎముకల్లా, లోపల దట్టంగా ఉన్నాయి. 2007లో ఆ వివరాలు ప్రచురితమయ్యాయి. పాకిస్తాన్ రాళ్లలో ముందే దొరికిన నాలుగు కాళ్ల తొలి తిమింగలాలకు, నేల మీది డెక్కల జంతువులకు మధ్య ఉండవలసిన బంధువు అలా దొరికింది. చెవి అప్పటికే తిమింగలానిది. కాళ్లు ఇంకా నేల మీదివే.